టేకు ఆకులన్నీ పురుగు తినేసింది, చెట్లు అమ్మేయాలా?

విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆవిడ పుట్టిల్లు గుంటూరు జిల్లాలో, తాడికొండ వైపు. తండ్రి పసుపు కుంకుమ కింద ఆవిడ పేరున ఎకరంన్నర రాసిచ్చి, గట్ల మీద ఆరడుగులకొకటి చొప్పున టేకు నాటించారు. ఇప్పుడు 140 చెట్లున్నాయి, తొమ్మిదో ఏడు నడుస్తోంది. తండ్రి పోయాక పొలం అన్నయ్యే చేస్తున్నాడు, కౌలు కాగితం అంటూ ఏమీ లేదు.

జూలై మొదటి వారంలో అన్నయ్య ఫోన్ చేసి, "చెట్లన్నీ మోడులైపోయాయి చెల్లీ, ఇక బతకవు. వ్యాపారి చెట్టుకు 900 ఇస్తానంటున్నాడు, ఉన్నదున్నట్టు ఇచ్చేద్దాం" అన్నాడట. ఆదివారం వెళ్లి చూస్తే నిజంగానే ఆకు లేదు, పెద్ద ఈనెలు మాత్రం వేలాడుతున్నాయి. నల్లటి పురుగులు దారాలు పట్టుకుని కిందికి దిగుతున్నాయి. అంతకు ముందు నాలుగు రాత్రులు చెట్ల కింద సన్నటి జల్లు పడుతున్న చప్పుడు వినిపించిందని అన్నయ్య చెప్పాడు. గట్టు అవతలి రైతు, వరసకు బాబాయి, "మీ టేకు పురుగు నా మిరపనారు మీదికి దిగితే నష్టం ఎవరిస్తారమ్మా?" అని నిలదీశాడు. హర్యానాలోని యమునానగర్‌లో ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేసే మరిది, అక్కడ ప్లైవుడ్ కోసం పెంచే పాప్లర్ చెట్ల తోటల్లో కూడా ఇలాగే అవుతుందనీ, గుడ్లున్న ఆకులు ఏరేసి, రాలిన ఆకు తగలబెట్టి, డ్రోన్‌తో మందు కొట్టించమనీ చెప్పాడు. భర్తేమో ఇదంతా మీ అన్నయ్య నాటకం అంటున్నాడు. "చెట్లు చచ్చాయా? మందు కొట్టించాలా? అమ్మేయాలా? అన్నిటికన్నా ముందు అన్నయ్యను నమ్మాలా వద్దా?" అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ చెట్లు చావలేదు. ఆకు పోయిన టేకు చచ్చిన టేకు కాదు. తొమ్మిదేళ్ల చెట్టుకు వేళ్లలో, కాండంలో కావలసినంత నిల్వ ఉంటుంది. నేలలో పదును ఉంటే రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చిగురు తొడుగుతుంది. ఈ సమాధానం మీరు చదివేసరికి కొన్ని చెట్లకు ఎర్రటి లేత చిగుళ్లు కనిపిస్తూ ఉండాలి. అనుమానం ఉంటే ఈసారి వెళ్లినప్పుడు చేతికందే కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి ఐదారు చూసి, బెరడు గోటితో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికున్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ ఎండింది, చెట్టు కాదు. అప్పుడు ఇంకా కిందికి, లావు కొమ్మ మీద గీకి చూడండి. 140 చెట్లలో రెండో మూడో నిజంగా ఎండిపోయి ఉంటే వాటికి వేరే కారణం ఉంటుంది. నల్లరేగడిలో నీరు నిలిచిన చోట టేకు వేరు కుళ్లడం అందులో ఒకటి.

అందుకని మీ అన్నయ్య అబద్ధం చెప్పాడని అనుకోవద్దు. తొలకరి పడి పొలాలన్నీ పచ్చబడుతున్న సమయంలో తన గట్టు మీది చెట్లు మాత్రం వారంలో మోడులైతే ఏ రైతైనా చచ్చాయనే అనుకుంటాడు. ఆయన చూసింది నిజం, దానికి చెప్పుకున్న అర్థం తప్పు. వ్యాపారి సంగతి వేరు. ఆకు మళ్లీ వస్తుందని టేకు కొనేవాడికి తెలియకుండా ఉండదు. మోడుగా కనిపించే ఈ మూడు నాలుగు వారాల్లోనే బేరం తెగ్గొట్టాలని ఆయన తొందర. కాబట్టి మీరు అన్నయ్యతో అనాల్సింది "నన్ను మోసం చేస్తున్నావా" అని కాదు, "ఆగస్టు నెలాఖరు దాకా ఆగుదాం" అని. ఆగడం వల్ల పోయేదేమీ లేదు. చిగురు వస్తే మీ మాట నిలుస్తుంది, రాకపోతే ఆయన మాట నిలుస్తుంది. మధ్యలో మనసు విరగదు.

ఇక పురుగు సంగతి. మీరు రాసిన మూడు గుర్తులు, అంటే ఈనెలు మాత్రం మిగలడం, నల్లటి పురుగులు దారంతో దిగడం, రాత్రి జల్లు పడుతున్నట్టు పెంటికలు రాలడం, మూడూ ఒకే పురుగును చూపిస్తున్నాయి. టేకు ఆకుతినే పురుగు, శాస్త్రీయ నామం హిబ్లియా ప్యూరా. ఇది ఎదిగి అయ్యే రెక్కల పురుగు రెక్కలు చాపితే మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. ముందు రెక్కలు ఎండుటాకు రంగు. వెనక రెక్కలు నల్లగా, వాటి మీద నారింజ మచ్చలు. వాలినప్పుడు ముందు రెక్కలు వెనక వాటిని కప్పేస్తాయి, అందుకే కళ్లెదుట ఉన్నా కనపడదు.

టేకుకు ఇంకో పురుగు కూడా వస్తుంది, దాన్ని దీనితో కలిపేసుకుంటే డబ్బు దండగ. అది యూటెక్టోనా మెకరాలిస్. అది ఆకులో పచ్చటి భాగం గీకి తిని, సన్న ఈనెలతో సహా వల అంతా వదిలేస్తుంది. ఆకును ఎండకు ఎత్తి పట్టుకుంటే జల్లెడలా కనిపిస్తుంది. అది వర్షాకాలం చివర్లో, సెప్టెంబరు తర్వాత, ముదురు ఆకు మీద పడుతుంది. కేరళలోని నీలంబూరు టేకు తోటల్లో ఈ రెండింటి మీద కేరళ అటవీ పరిశోధన సంస్థ జరిపిన పరిశీలన ఫలితాలు 1985లో వచ్చాయి. 4 నుంచి 9 ఏళ్ల చెట్లలో హిబ్లియా వల్ల ఏటా పెరగాల్సిన కలపలో 44 శాతం పోయింది. పురుగు పడకుండా కాపాడిన చోట హెక్టారుకు ఏడాదికి 6.7 ఘనపు మీటర్ల కలప పెరిగితే, వదిలేసిన చోట 3.7 మాత్రమే. జల్లెడ పురుగు వల్ల మాత్రం చెప్పుకోదగ్గ నష్టం తేలలేదు. ఆకు ఎలాగూ రాలిపోయే ముందు వస్తుంది కాబట్టి. అంటే అక్టోబరులో మీ చెట్లు గోధుమరంగుకు తిరిగి, ఆకు జల్లెడైపోయి, మళ్లీ ఎవరో ఒకరు మందు కొట్టమంటే, ఆ ఖర్చు పెట్టకండి. అసలు నష్టం లేత ఆకు కాలంలో జరిగేదే.

44 శాతం అన్న అంకె చూసి బెంబేలు పడొద్దు. అది తోటలో పురుగు ఏటా వచ్చిపోతూ ఉంటే, కొన్నేళ్లు వరసగా కొలిస్తే తేలిన లెక్క. ఒక్కసారి మోడైతే ఆ ఏటి పెరుగుదలలో కొంత పోతుంది, అంతే. కొంచెం ఎక్కువ పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది. నడినెత్తి మొగ్గను కూడా పురుగు తినేస్తే, దాని పక్క నుంచి రెండు మూడు కొమ్మలు పోటీ పడి లేస్తాయి. చెట్టు పంగలుగా చీలుతుంది. సూటిగా పొడవుగా ఉన్న దుంగకు ఉన్న ధర పంగ చెట్టుకు రాదు. మీ చెట్లు 25, 30 అడుగుల ఎత్తుకు వచ్చి ఉంటాయి కాబట్టి కింది దుంగకు ఢోకా లేదు. కానీ పొట్టిగా ఉన్న చెట్లలో, చిగుళ్లు అడుగు పొడవు పెరిగాక నిచ్చెన వేసుకుని చూసి, నిటారుగా ఉన్న ఒక్కటి ఉంచి మిగతావి కోసేయించండి.

"రాత్రికి రాత్రి తినేసింది" అని అన్నయ్య అన్నాడని రాశారు. నిజానికి అది పది పన్నెండు రోజుల పని. రెక్కల పురుగులు గుంపుగా ఎక్కడి నుంచో ఎగిరొచ్చి, తొలి వానలకు వచ్చిన లేత ఆకు అడుగున, ఈనెల పక్కన, ఒక్కొక్కటిగా గుడ్లు పెడతాయి. ఒక్క ఆడపురుగు 500 దాకా పెట్టగలదు. రెండు రోజుల్లో గుడ్డు పగులుతుంది. మొదటి నాలుగైదు రోజులు పిల్లపురుగు ఆకు పైపొర గీకి తింటుంది. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. తర్వాత ఆకు అంచును అర్ధచంద్రంగా కత్తిరించి, మడిచి, దారంతో కుట్టుకుని ఆ మడతలో దాక్కుంటుంది, రాత్రి బయటికొచ్చి తింటుంది. ఐదు దశల్లో చివరి దశలో అది తినేది ముందు తిన్నదంతా కలిపినదానికన్నా చాలా ఎక్కువ. గుంపంతా ఒకేసారి వచ్చి గుడ్లు పెట్టింది కాబట్టి పురుగులన్నీ ఒకే వయసువి, చివరి దశకు అన్నీ ఒకేసారి వస్తాయి. అందుకే నిన్న పచ్చగా ఉన్న చెట్టు ఎల్లుండికి మోడు. జల్లు చప్పుడు వినపడిన రాత్రికే ఆట సగం అయిపోయినట్టు. దారం పట్టుకుని దిగిన పురుగులు రాలిన ఆకుల్లో, పైమట్టిలో ప్యూపాలై (తిండి మాని తొడుగులో ఉండే దశ), ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో రెక్కల పురుగులై వెళ్లిపోతాయి.

ఇక్కడే మీ మరిది సలహా దారి తప్పింది. ఆయన అక్కడ చూసింది తప్పు కాదు. పాప్లర్ ఆకు తినేది క్లోస్టెరా అనే వేరే రెక్కల పురుగు, దాని నడవడిక వేరు. అది ఆకు అడుగున గుడ్లను గుంపుగా, ఒకే చోట పెడుతుంది. పిల్లపురుగులు కూడా గుంపుగా ఉండి తింటాయి. కాబట్టి నర్సరీలో, చిన్న తోటలో గుడ్లున్న ఆకు ఏరి నాశనం చేస్తే ఒక్క ఆకుతో వందల పురుగులు పోతాయి. హర్యానా, పంజాబ్, ఉత్తరాఖండ్ తరాయిలో (కొండల పాదాల దగ్గరి పల్లపు నేల) చలికాలం పాప్లర్ ఆకు రాల్చేశాక ఆ పురుగు రాలిన ఆకుల్లోనే చలి గడుపుతుంది. అందుకే డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఆకు పోగేసి కాల్చడం, మొదళ్ల మధ్య దున్నడం అక్కడ పనికొస్తాయి. మీ పురుగు గుడ్లు ఆకుకొకటి ఈనెకొకటిగా చెల్లాచెదురుగా ఉంటాయి, 30 అడుగుల ఎత్తులో వాటిని ఏరేదెవరు? రాలిన ఆకులో అది వారానికి మించి ఉండదు. రెక్కలొచ్చిన పురుగులు కూడా పుట్టిన చోట ఉండక, లేత ఆకు వెతుక్కుంటూ వేరే చోటికి ఎగిరిపోతాయి. మీరు ఇప్పుడు ఆకు తగలబెడితే కాలేది ఖాళీ ప్యూపా తొడుగులు, దాంతోపాటు మీ గట్టుకు రావలసిన సేంద్రియం. పక్కన నారుమడి కూడా ఉంది. వద్దు.

సరే, ఇప్పుడు మందు కొట్టాలా? ఇప్పుడు వద్దు. ఈ దఫా పురుగు పని ముగించుకుని వెళ్లిపోయింది. ఆకు లేని కొమ్మకు మందు కొడితే నేల తడుస్తుంది తప్ప ప్రయోజనం లేదు. చూసుకోవాల్సింది రాబోయే చిగురును. లేత ఆకు అంటేనే ఆ పురుగుకు పిలుపు. ఇంకో గుంపు వస్తే ఈ రెండో చిగురు మీదే వాలుతుంది. ఒకే ఏడాదిలో రెండుసార్లు మోడైతే చెట్టు నిల్వ బాగా తగ్గి, ఎదుగుదల దెబ్బతింటుంది. కాబట్టి మందు గురించి ఆలోచించాల్సింది రెండో దఫాకు, అదీ పురుగు చిన్నగా ఉన్నప్పుడే.

దానికి కాపలా కాయాలి. చిగురు వేసినప్పటి నుంచి ఆకు ముదిరేదాకా, నెల పైచిలుకు, మూడు రోజులకోసారి నాలుగు గట్ల మీద తలా రెండు చెట్ల కింది కొమ్మలు వంచి, లేత ఆకులు తిప్పి చూడాలి. ఈ పని విజయవాడ నుంచి మీరు చేయలేరు, అన్నయ్యే చేయాలి. అది కూడా ఆయనను పక్కన పెట్టకపోవడానికి ఒక కారణం. సాయంత్రం చీకటి పడ్డాక మోటారు షెడ్డు బల్బు దగ్గర ఈ నారింజ మచ్చల పురుగులు ఒక్కసారిగా పదుల సంఖ్యలో కనిపిస్తే అది ఇంకా ముందు హెచ్చరిక. దీపపు ఎరతో పురుగును అదుపు చేయలేం, కానీ రోజు లెక్క మొదలుపెట్టడానికి పనికొస్తుంది. ఈ రెక్కల పురుగులు కనిపించాక నాలుగో రోజుకూ ఏడో రోజుకూ మధ్యలో మందు పడాలి. పదో రోజు దాటాక కొట్టిన మందు మనశ్శాంతికి తప్ప దేనికీ కాదు.

ఏ మందు? నా మొగ్గు బీటీ వైపు, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకి రకం. ఇది బ్యాక్టీరియా మందు. పురుగు దాన్ని తినాలి. దాని క్షారపు పేగులో విషం విడివడి, కొన్ని గంటల్లోనే తిండి మానేసి, రెండు నుంచి ఐదు రోజుల్లో చస్తుంది. మందు కొట్టిన మర్నాడు పురుగులు ఇంకా ఆకు మీద కదులుతున్నాయని మళ్లీ వేరే మందు తేవడం చాలామంది చేసే పొరపాటు. తేనెటీగలకు, చేపలకు, మనుషులకు దీనితో హాని లేదు. అయితే పట్టుపురుగుకు మాత్రం ఇది ప్రాణాంతకం. చుట్టుపక్కల ఎవరైనా మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతుంటే బీటీ ఎత్తొద్దు.

పొడి మందు సాధారణంగా లీటరుకు 1 నుంచి 2 గ్రాములు వాడతారు. ప్యాకెట్ మీద ఉన్న మోతాదే ఖాయం చేసుకోండి. మీ చెట్ల ఎత్తుకు, ఆకు రెండువైపులా తడవాలంటే చెట్టుకు 4, 5 లీటర్లు కావాలి. అంటే 140 చెట్లకు 560 నుంచి 700 లీటర్ల ద్రావణం. లీటరుకు 2 గ్రాముల లెక్కన 1.1 నుంచి 1.4 కిలోల మందు. వీపున మోసే తైవాన్ స్ప్రేయర్ ఈ ఎత్తుకు అందదు. ట్రాక్టరు మీద డ్రమ్ము, గట్టి ఒత్తిడితో ఎత్తుకు చిమ్మే హెచ్‌టీపీ పంపు, పొడవాటి పైపు, గన్ను ఉన్న మనిషిని పిలవాలి. బత్తాయి, మామిడి తోటలకు కొట్టేవాళ్ల దగ్గర ఉంటాయి. మందు ముందు బకెట్ నీళ్లలో ముద్దలు లేకుండా కలిపి తర్వాత డ్రమ్ములో పోయాలి. లీటరుకు అర మిల్లీలీటరు నుంచి 1 మిల్లీలీటరు జిగురు మందు కలపకపోతే టేకు ఆకు గరుకు మీద సరిగా పరుచుకోదు. బోరు నీళ్లు చవుడుగా, క్షారంగా ఉంటే బీటీ బలం తగ్గుతుంది, కాలువ నీళ్లు మేలు. రాగి మందులతో కలపొద్దు. కలిపింది ఆ పూటే అయిపోవాలి. ఎండకు ఇది రెండు మూడు రోజుల్లో చచ్చుబడుతుంది. సాయంత్రం 4 తర్వాత కొడితే రాత్రి తినడానికి బయటికొచ్చే పురుగు దాన్ని తాజాగా తింటుంది. కొట్టాక మూడు నాలుగు గంటల్లో వాన పడితే ఆ మందు పోయినట్టే లెక్క. జూలై, ఆగస్టుల్లో మబ్బు చూసుకుని దిగాలి.

ఖర్చు తక్కువలో పోవాలంటే వేపగింజల కషాయం ఉంది. 100 లీటర్లకు 5 కిలోల వేపపప్పు దంచి, గుడ్డలో కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి 100 లీటర్లకు పెంచాలి. 700 లీటర్లకు 35 కిలోల పప్పు. దంచే మనుషులు దొరికితే చేయండి. ఇది పురుగును వెంటనే చంపదు, తిండి మాన్పిస్తుంది, తర్వాతి దశకు మారకుండా ఆపుతుంది. రెండో దశ దాటిన పురుగు మీద పెద్దగా పనిచేయదు. గింజ ఏడాది పాతదైతే ఆశ పెట్టుకోవద్దు.

ఘాటు రసాయన మందులు కొడితే పురుగు మర్నాటికే రాలుతుంది, నిజమే. కానీ మన దేశంలో ఏ పురుగుమందుకైనా అనుమతి పంటవారీగా ఉంటుంది. డబ్బా మీద టేకు పేరు లేని మందును "దేనికైనా కొట్టొచ్చు" అని కొట్టు ఆయన చెప్పినా కొనొద్దు. టేకు పూసే కాలం కూడా ఇదే, తేనెటీగలు పూలగుత్తుల మీద ఉంటాయి. ఇంకా, 30 అడుగుల ఎత్తుకు చిమ్మిన తుంపర గాలికి ఎటు పోతుందో ఊహించండి. మీ బాబాయి నారుమడి గట్టు పక్కనే ఉంది. డ్రోనుకూ ఇదే చిక్కు. విశాలమైన పొలం మీద అది వరసగా పోతుంది. గట్టు మీద ఒంటి వరసకు ఎగిరితే తుంపరలో పెద్ద భాగం అటూ ఇటూ పంటల మీద పడుతుంది. పైగా మందు టేకు ఆకు పైభాగాన పడి ఆగిపోతుంది, అడుగుకు అందదు. డ్రోను వద్దనే నేనంటాను.

ఏ మందూ కొట్టకుండా వదిలేయడం కూడా ఒక దారే. దాన్ని చేతగానితనం అనుకోవద్దు. గోరింకలు, కాకులు, ఏట్రింతలు ఈ పురుగు మీద పడి తింటాయి, పరాన్న జీవులున్నాయి, ఒక వైరస్ ఉంది. తలకిందులుగా వేలాడుతూ, ముట్టుకుంటే చితికి నీరు కారే పురుగులు కనిపిస్తే ఆ వైరస్ ప్రబలిందని అర్థం. అప్పుడిక మందు అక్కర్లేదు, మిగతావాటి పని అదే చూస్తుంది. గట్టు మీద 140 చెట్లకు హెచ్‌టీపీ మనిషి కూలి, మందు, ట్రాక్టరు అన్నీ కలిపి ఎంతవుతుందో అన్నయ్యను అడిగి, ఈ ఏడాది చెట్టుకు అంత ఖర్చు పెట్టడం మీకు గిట్టుతుందా అని చూడండి. మొదటి నాలుగైదేళ్ల వయసులో, చెట్టు పొట్టిగా ఉండి కింది దుంగ ఇంకా తయారవుతున్నప్పుడు మందు ఖర్చు తేలిగ్గా గిట్టుతుంది. తొమ్మిదో ఏట, రెండో దఫా గట్టిగా వస్తేనే.

మీ బాబాయి భయానికి వద్దాం. హిబ్లియా మిరప తినదు. టేకు కాకుండా అది తినేవాటిలో వావిలి, మడ చెట్లలాంటివి ఉన్నాయి, మిరప, పత్తి, మొక్కజొన్న లేవు. దారం జారి నారుమడిలో పడ్డ పురుగు మట్టిలోకి దూరుతుంది తప్ప ఆకు ముట్టదు. దురద పెట్టే గొంగళి కూడా కాదు. మిరపను తినేది లద్దెపురుగు, శనగపచ్చ పురుగు. లద్దెపురుగు గుడ్లు గుంపుగా, గోధుమ రంగు నూగు కప్పుకుని ఉంటాయి, తేడా చూపించడం కష్టం కాదు. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పటి నుంచి గుంటూరు రైతుకు ఏ పురుగును చూసినా గుండె జారుతోంది, ఆయనను తప్పు పట్టలేం. మాటతో నమ్మకపోతే నాలుగు పురుగులను, నాలుగు మిరప ఆకులను మూతకు చిల్లులు పొడిచిన సీసాలో వేసి రెండు రోజులు ఆయన ఇంట్లోనే పెట్టమనండి. ఈ దఫా పురుగు వెళ్లిపోయింది కాబట్టి ఇది వచ్చే దఫాకు. ఇంకా కావాలంటే రైతు సేవా కేంద్రంలోనో, గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో పురుగును చూపించి చెప్పించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అయితే ఆయన కోపంలో పురుగు ఒక సాకేమోనని నా అనుమానం. తొమ్మిదేళ్ల టేకు నీడ, వేళ్లు గట్టు అవతలి రెండు మూడు సాళ్ల మిరపను గిడసబరుస్తాయి. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. దానికి విరుగుడు మీ చేతిలో ఉంది. చెట్ల వరస నుంచి మూడు నాలుగు అడుగుల దూరంలో, మీ వైపు హద్దులోనే, రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీయిస్తే అటు పోయే పక్కవేళ్లు తెగుతాయి. ఏడాదికోసారి దాన్ని శుభ్రం చేయాలి, లేకపోతే వేళ్లు మళ్లీ దాటుతాయి. ఆయన వైపు వాలిన కింది కొమ్మలు కూడా కొట్టించండి. రెండు పనులూ ఇప్పుడే కాదు. ఆకు కోల్పోయి చిగురుకు సిద్ధమవుతున్న చెట్టుకు వేళ్లూ కొమ్మలూ కూడా నరికితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఆకు రాలాక, జనవరి తర్వాత చేయండి. ఈలోగా ఆ మాట ఆయనకు ఇవ్వండి.

అమ్మకం విషయానికి వస్తే, మూడు దారులున్నాయి, మూడింటికీ మూడు ఫలితాలు. అన్నీ ఇప్పుడే ఇచ్చేస్తే 900 లెక్కన 1,26,000 వస్తాయి. అన్నయ్యకు డబ్బు అవసరం ఉందని మీరే రాశారు, అది చిన్న మాట కాదు. కానీ ఈ వయసు టేకులో ఎక్కువ తెల్లచెక్కే, చేవ ఇంకా కట్టలేదు. వ్యాపారి దాన్ని వాసాలకు, గుంజలకు కొంటాడు, తలుపులకు కాదు. ఇంకో పది పన్నెండేళ్లు ఉంచితే చేవ, చుట్టుకొలత రెండూ పెరిగి ధర వేరేగా ఉంటుంది. కాకపోతే అన్నేళ్లు పురుగును, పక్కవాళ్లను, అన్నదమ్ముల అవసరాలను భరించాలి. మధ్యే మార్గం పలచబరచడం. ఆరడుగుల ఎడం తొమ్మిదేళ్ల చెట్లకు ఎలాగూ ఇరుకే. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ప్రతి చెట్టు చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి. పంగలు చీలినవి, వంకరవి, సన్నగా వెనకబడినవి 50, 60 దాకా తేలతాయి. ఆకు రాలిన కాలంలో వాటిని అమ్మితే అన్నయ్య చేతికి కొంత వస్తుంది, మిగిలినవాటికి వెలుతురు, చోటు దొరుకుతాయి, బాబాయి వైపు నీడా తగ్గుతుంది. నేనైతే ఈ మూడోదాన్నే ముందు పెట్టి మాట్లాడతాను. చెట్టుకింత అని కాకుండా కొలత మీద బేరం ఆడండి, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను అడగండి.

ఏ దారి పట్టినా, "పర్మిషన్ సంగతి నేను చూసుకుంటాను" అనే వ్యాపారితో జాగ్రత్త. సొంత పొలంలో టేకైనా కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, తరలించడానికి 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల కింద పర్మిట్ కావాలి. అవి లేకుండా దుంగలు లారీలో పట్టుబడితే ముందు అడిగేది చెట్టు ఎవరి పొలంలోదని. పాస్‌బుక్ మీ పేరున ఉంది కాబట్టి దరఖాస్తు మీద సంతకం మీదే ఉండాలి. పాస్‌బుక్ నకలు, ఆధార్ నకలు, చెట్ల సంఖ్య, సర్వే నంబరు, కొలతల జాబితా దగ్గర పెట్టుకుని అన్నయ్యను వెంటబెట్టుకుని అటవీ రేంజి కార్యాలయానికి మీరే వెళ్లండి. తనిఖీకి మనిషి రావడానికి సమయం పడుతుంది. జనవరిలో కొట్టాలనుకుంటే అక్టోబరులోనే పెట్టుకోవడం మంచిది.